పదిహేడు ముడులు, ఒక ఇంగ్లీషు మాట

కొత్త జిల్లాలు ఏర్పడిన మూడో ఏట, వేసవి సెలవులు ముగిసి కోర్టు తెరిచిన మొదటి సోమవారం, నేను ఒక మున్సిఫ్ కోర్టులో నాజరుగా చేరాను. నా ఉద్యోగమంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కోర్టుల మధ్యనే తిరిగింది. ఈ సంగతి ఆ మూడింటిలో ఏ ఊళ్లో జరిగిందో రాయను. తప్పు నాది. నా తప్పుకు ఒక ఊరి కోర్టు పేరు చెడడం నాకు ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నాజరు అంటే బయటివాళ్లకు పెద్దగా తెలియదు. కోర్టుకు వచ్చినవాళ్లకు జడ్జి కనబడతారు, వకీళ్లు కనబడతారు, పేర్లు పిలిచే అటెండరు కనబడతాడు. సమన్లు పట్టుకుని ఊళ్లు తిరిగే వాళ్లను పంపించేది, కుర్చీల నుంచి గోడగడియారం దాకా లెక్క చూసేది, అన్నిటికన్నా ముఖ్యంగా కేసుల్లో పట్టుబడ్డ వస్తువులను భద్రం చేసేది నాజరు. ఆ వస్తువులుండే గదిని ప్రాపర్టీ రూము అంటారు. మా గదిలో గొడ్డళ్లు, కొడవళ్లు, బోరు మోటారు తీగలు, చైను ఊడిన సైకిళ్లు, పగిలిన సెల్‌ఫోన్లు, ఎవరి పెళ్లిదో తెలియని ఒక ఇత్తడి గుండిగ ఉండేవి. ప్రతిదానికీ ఒక చీటీ, చీటీ మీద కేసు నంబరు, ఆ నంబరుకు రిజిస్టరులో ఒక వరుస. చీటీ ఊడిపోయిందంటే ఆ వస్తువు అనాథ అయినట్టే.

ఆ వరుసలో వస్తువును వర్ణించే గడి ఒకటి ఉంటుంది. దాన్ని నింపడంలో పోలీసులకు ఒక మంచి అలవాటుంది. బంగారు గొలుసు పట్టుకున్నా బంగారం అని రాయరు, పసుపు రంగు లోహపు గొలుసు అని రాస్తారు. వెండి అయితే తెల్ల లోహం. కొత్తవాళ్లు ఇది చూసి నవ్వుతారు, నేనూ నవ్వినవాణ్ణే. కంటికి కనబడింది రాయాలి, మనం అనుకున్నది రాయకూడదు అన్నది అందులోని సూత్రం. దాన్ని నేను ఒకసారి తప్పాను.

అప్పుడు మాకు మేజిస్ట్రేటుగా ఉన్నావిడకు అది మొదటి పోస్టింగు. వయసులో నా పెద్దమ్మాయి కంటే చిన్నది. వచ్చిన వారానికే ప్రాపర్టీ రూము తలుపు తెరిపించి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని లోపలంతా తిరిగి, కేసులు తేలిపోయినా మిగిలిపోయిన వస్తువుల జాబితా చేయమన్నారు. ఇలాంటి జాబితాలో ప్రతి వస్తువుకూ మూడింటిలో ఒక దారి చూపాలి: సొంతదారుకు తిరిగి ఇవ్వడం, వేలం వేయడం, విలువ లేనిదైతే ధ్వంసం చేయడం. ఆ తర్వాత తెలుగులో ప్రకటన రాసి నోటీసు బోర్డుకు అంటించి గడువు ఇవ్వాలి. నేనూ, అటెండరు ఖాజామియా పది రోజులు దుమ్ము తిన్నాం. ఖాజామియా ముప్పై ఏళ్లుగా ఆ గది తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగిన మనిషి, రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది.

జాబితాలో నూట పన్నెండో వస్తువు దగ్గర మేడం పెన్ను ఆగింది. వర్ణన గడిలో ఇంగ్లీషులో రాసి ఉంది: బ్రమ్మజెమ్ సరుకు, రేకు పెట్టె ఒకటి, విలువ లేనిది. ఎదురుగా నేను రాసిన సిఫార్సు: ధ్వంసం.

ఈ మాటకు తెలుగేమిటని ఆవిడ అడిగారు. తెలియదన్నాను. ఇది రాసిందెవరని అడిగారు. పాత రిజిస్టరు తెప్పించి చూస్తే ఆ గుండ్రటి అక్షరాలు, పొడుగు తోకలు నావే. పన్నెండేళ్ల కిందట ఇదే కోర్టులో నేను జూనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు రాసిన వరుస అది. నా దస్తూరి బాగుంటుందని అప్పట్లో అందరూ మెచ్చుకునేవాళ్లు, అందుకే రిజిస్టర్లు నాకు అప్పజెప్పారు. ఒక పోలీసు స్టేషన్ నుంచి వచ్చిన కాగితంలో ఆ మాట ఉంది. అక్కడి ఎస్ఐకి బరువైన ఇంగ్లీషు మాటలంటే మోజు. అర్థం అడిగితే నాకు ఇంగ్లీషు రాదనుకుంటారని నేను అడగలేదు. తెలియని మాటను ముత్యాల్లాంటి అక్షరాలతో దించేశాను.

మేడం కోప్పడలేదు. తెలుసుకుని సాయంత్రానికి చెప్పండి అన్నారు. కోప్పడి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

“పరేషాన్ ఎందుకు సారు, ఫోన్ల కొట్టున్రి, అదే చెప్తది” అన్నాడు ఖాజామియా. కొట్టాను. మెరుపు ఉండి పస లేని చవక అలంకారాలు, నకిలీ నగలు, తళుకుబెళుకుల సరుకు అని చెప్పింది. మాట ఎక్కడ పుట్టిందన్నది మా కోర్టు లైబ్రరీలో వీపు ఊడిన పెద్ద నిఘంటువులో దొరికింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అని పెద్ద ఊరుంది. ఆ ఊరి పేరును అక్కడి జనం పూర్వం పలికిన తీరే బ్రమ్మజెమ్. మూడు వందల ఏళ్లకు పైగా కిందట అక్కడ దొంగ నాణేలు కొడుతున్నారని ఊరికి పేరొచ్చింది. తర్వాత అదే ఊళ్లో గుండీలు, బకిల్సు, పూత నగలు, పూసల గొలుసులు కుప్పలుగా తయారై దేశదేశాలకు పోయాయి. అందులో మంచి సరుకూ ఉంది, చెయ్యి తిరిగిన పనివాళ్లూ ఉన్నారు. అయినా ఎప్పుడో ఎవరో కొట్టిన దొంగ నాణెం మచ్చ ఊరందరికీ అంటుకుంది. చివరికి ఊరి పేరే నాసిరకానికి పేరైపోయింది.

చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, అదోలాగా కూడా అనిపించింది. మా వైపు గద్వాల అన్న మాట వింటే చాలు, చీరల దుకాణంలో ఆడవాళ్లు మడత విప్పి చూస్తారు. ఒక ఊరి పేరు గౌరవమైతే ఇంకో ఊరి పేరు తిట్టు. రెండు చోట్లా కష్టపడింది చేతులే.

సాయంత్రం ఇదంతా మేడంకు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాత, “మాట చరిత్ర బాగుందండీ. ఇంతకీ పెట్టెలో ఏముంది?” అన్నారు.

మెరిసేవీ పనికిరానివీ అని రాసి ఉందన్నాను.

“అది రాసినవారి అభిప్రాయం. ఏముందో ఇందులో లేదు. తెరిచి, చూసి, రాయండి.”

మర్నాడు ఇద్దరు పంచుల ఎదుట, అంటే సాక్షులుగా నిలబడే ఇద్దరు బయటి మనుషుల ఎదుట, కోర్టు లక్క సీలు పగలగొట్టి పెట్టె తెరిచాం. పై అరలో దువ్వెనలు, పిన్నీసులు, రిబ్బన్లు, గాజు పూసల దండలు. జాతరల్లో, ఊళ్లల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మే సరుకు. పన్నెండేళ్లకు రిబ్బన్ల రంగు పోయింది కానీ పూసల మెరుపు పోలేదు. కింది అరలో వేలెడంత చిన్న చిన్న గుడ్డ మూటలున్నాయి. లెక్కపెడితే పదిహేడు. ఒక్కొక్క దానికి దారం చుట్టి, ఆ దారానికి రకరకాల ముడులు వేసి ఉన్నాయి. ఒకదానికి మూడు ముడులు, ఒక ఎర్ర పూస. ఇంకొకదానికి రెండు ముడులు, కాస్త ఎడం, మళ్లీ ఒకటి.

చిక్కుపడ్డ దారాలేమో అనుకుని నేను ఒకటి విప్పబోయాను. ఖాజామియా నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇప్పకున్రి సారు. ఇవి పేర్లు.”

పూసలు అమ్మే ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉందని అతను చెప్పాడు. ఊళ్లల్లో ఆడవాళ్లు తెగిపోయిన నల్లపూసలు, పాత దండలు, తాయెత్తులు మళ్లీ అల్లడానికి వాళ్లకు ఇస్తారు. వాళ్లకు చదువు రాదు కాబట్టి చీటీ రాసి పెట్టుకోలేరు. ఒక్కో ఇంటికి ఒక్కో ముడి. ఊరికి ఒక రకం, ఆ ఊళ్లో ఇంటికి ఒక లెక్క, గుర్తుకు ఒక పూస. ఖాజామియా చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా ఇలాగే ఇచ్చేదట. ముడి చూసి ఇల్లు వెతుక్కుంటూ తెచ్చి ఇచ్చేవాళ్లట. అంటే ఆ పదిహేడూ పదిహేడు ఇళ్లవి. మేము ధ్వంసం అని రాసింది వాటినే.

కేసు కాగితాలు తెప్పించాను. చెన్నమ్మ అనే పూసలామె మా కోర్టు కిందికి వచ్చే ఒక ఊళ్లో ఒక రైతు ఇంటి అరుగు మీద కూర్చుని సరుకు అమ్మింది. ఆ రోజే ఆ ఇంట్లో గొలుసు పోయింది. అనుమానం మీద పోలీసులు ఆమె పెట్టె పట్టుకున్నారు. గొలుసు అందులో లేదు. ఎవరు తీశారో తేలక కొన్నాళ్లకు కేసు మూసేశారు. అలా మూసినప్పుడు పెట్టెను ఎవరి దగ్గర పట్టుకున్నారో వాళ్లకు ఇచ్చేయడం పద్ధతి. అడిగినవాళ్లు లేరు, ఇచ్చినవాళ్లూ లేరు.

నోటీసు పంపితే ఇల్లు విడిచి వెళ్లింది అన్న మాటతో తిరిగొచ్చింది. ఆమె కూతురు అమరచింతలో ఉంటుందని తెలిసి అక్కడికి మళ్లీ పంపాం. నోటీసు తీసుకుంది కానీ రమ్మన్న రోజుకు రాలేదు. అప్పుడు మేడం అనుమతి తీసుకుని, సమన్లు ఇచ్చే ఉద్యోగిని తోడు పెట్టుకుని నేనే బస్సెక్కాను. నాజరు ఇలా వెళ్లడం మామూలు కాదు.

చెన్నమ్మ ఒక నేత ఇంటి వరండాలో కండెలు చుడుతోంది. అరవై దాటిన సన్నటి మనిషి. కోర్టు నుంచి వచ్చామంటే చేతిలో పని ఆపకుండానే తలెత్తి చూసింది.

“ఏంది సారు, మల్ల ఎవరిదన్న ఏమన్న పోయిందా?”

ఏమీ పోలేదన్నాను. పెట్టె దొరికిందనీ, తీసుకుపోవడానికి రావాలనీ చెప్పాను. ఆమె నమ్మలేదు. జైలుకు పిలుస్తున్నారేమోనని నోటీసును కూతురు బియ్యం డబ్బాలో దాచిందట. నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఈసారి ఆమె చెయ్యి ఆగింది. పెట్టె ఎట్లుంది, సరుకు ఉందా అని అడగలేదు.

“ముడులు ఉన్నయా సారు?”

ఉన్నాయన్నాను. అప్పుడు చెప్పుకొచ్చింది. పెట్టె పోయాక నెల రోజులు ఊళ్లు తిరిగి, పోలీసులు పట్టుకుపోయిన్రు, తెచ్చిస్త అని ఇంటింటికీ చెప్పిందట. మొదట్లో సరే అన్నారట. ఆ తర్వాత గొలుసు దొంగ అన్న మాట ఆమెకంటే ముందు ఊళ్లకు చేరింది. ఒకామె తన తల్లి పగడం ఇచ్చి ఉంది. దాన్ని అమ్ముకుని తిన్నావని నలుగురిలో అన్నదట. ఆ రోజుతో ఆమె పూసలు మానేసింది.

“గా పెట్టెల నావి ఏమున్నయి సారు. పిన్నీసులు, దువ్వెనలు, పోతే పోయినయి. మూటలు మందివి. పన్నెండేండ్లాయె, ఆ తొవ్వల బస్సు ఎక్కలే. మా చెల్లె బిడ్డ లగ్గమైనా పోలే. ఎవరన్న కనబడి అడిగితె ఏమని చెప్త?”

నేను ఆ మాట రాసిన సంగతి ఆమెకు అప్పుడు చెప్పలేదు. చెప్పాల్సింది.

కోర్టులో ఒక చిక్కు వచ్చింది. పెట్టె ఆమెదే అయినా మూటలు ఇతరులవని ఆమే చెబుతోంది. ఇతరుల సొత్తు ఆమె చేతికి ఎలా ఇస్తామని ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పారు. ఏ మూట ఎవరిదో ఆమె గుర్తుపట్టగలదన్న రుజువు కావాలి, లేకపోతే అసలు సొంతదారులు వచ్చేదాకా ఏదీ కదలకూడదన్నారు. ఆయన అన్నది న్యాయమే. పన్నెండేళ్లు రాని సొంతదారులు ఇప్పుడు నోటీసు బోర్డు చూసి రారని అందరికీ తెలుసు. కదలకూడదంటే చివరికి ధ్వంసమే. అందుకని మేడం గుర్తింపు పరీక్ష పెట్టారు. ఇలాంటి పరీక్షలో అసలు వస్తువులను అలాంటివే వేరే వస్తువులతో కలిపి పెడతారు, కలిపినవి ఏవో గుర్తించే మనిషికి చెప్పరు. ఖాజామియా బజారులోని కంగన్ హాల్ గాజుల దుకాణం నుంచి పూసలు కొనుక్కొచ్చి, పాత గుడ్డలు చింపి, పదిహేడు దొంగ మూటలు కట్టాడు. తోచినట్టు ముడులు వేశాడు.

ముప్పై నాలుగు మూటలు బల్ల మీద పరిచాం. చెన్నమ్మ ముందు బల్లకు దండం పెట్టింది. ఒక్కో మూట తీసుకుని, దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోనిచ్చి, ఊరు చెప్పి, ఇల్లు చెప్పి, ఇంటావిడ పేరు చెప్పి, లోపల ఏముందో చెప్పేది. బెంచి క్లర్కు రాసుకునేవాడు. తర్వాత ముడి చెదరకుండా దారాన్ని పైకి జార్చి, గుడ్డ తెరిచి చూసి, మళ్లీ తొడిగేవాళ్లం. పదకొండు నల్లపూసలు, ఒక ఇత్తడి గొట్టం అంటే అవే ఉండేవి. ఖాజామియా కట్టినవాటిని వేలితో ముట్టుకోగానే పక్కకు నెట్టేది. నాలుగోదో అయిదోదో నెడుతూ, “గిది ఎవడో చేతకానోడు కట్టిండు” అంది. ఖాజామియా కిటికీ వైపు చూశాడు. ప్రభుత్వ వకీలు కూడా నవ్వారు.

పదహారు సరిపోయాయి. పదిహేడోది ఆమె చేతికి వచ్చింది. దారం తడిమి, మళ్లీ తడిమి, దొంగ మూటల వైపు పెట్టేసింది.

గదిలో అందరికీ తెలుసు అది దొంగ మూట కాదని. గుడ్డ పాతబడి రంగు మారి ఉంది, చూస్తేనే తెలుస్తుంది. మేడం ఇంకోసారి చూడమన్నారు. ఇది ఆఖరిది, బాగా చూసుకో అన్నారు. ఆ మాటలో సాయముందని చెన్నమ్మకూ అర్థమైంది.

“గుడ్డ నాదే మేడం. ముడి నాది కాదు. ముడి నాది కానప్పుడు లోపల ఏమున్నదో నేనెట్ల చెప్త? ఎవరో ఇప్పిన్రు.”

ఇంకా మిగిలిన ఇల్లు ఏదని ప్రభుత్వ వకీలు అడిగారు. పగడం ఇచ్చినామె ఇల్లు అంది. అంచు కాస్త చిట్లిన పగడం, అటు నాలుగు ఇటు నాలుగు నల్లపూసలు. దారం జార్చి చూస్తే సరిగ్గా అవే ఉన్నాయి. అయితే ప్రశ్న పోలేదు, ఇంకా పెద్దదైంది. సీలు వేసిన పెట్టెలో ఒక మూటను ఎవరో విప్పి మళ్లీ కట్టారు. అలాంటప్పుడు మిగతావి మాత్రం భద్రంగా ఉన్నాయని ఏమిటి నమ్మకం, పరీక్ష చెల్లదు అని ప్రభుత్వ వకీలు అన్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. అందరూ ఖాజామియా వైపు చూశారు. అతను మొలతాడు దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు.

నేను ఆ ముడి వైపు చూశాను. అది కోర్టు ఫైళ్లకు నాడా కట్టే ముడి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి సూపరింటెండెంటు మా అందరికీ నేర్పాడు, లాగితే ఊడాలి, ఊగితే ఊడకూడదు అనేవాడు. అందరూ దాని కుచ్చును కుడివైపు వదులుతారు. నాది ఎడమచేతి వాటం, నా కుచ్చు ఎడమకు పడుతుంది. ఈ మూట మీద కుచ్చు ఎడమకు పడి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె వచ్చిన రోజు పోలీసుల సీలు తీసి, కాగితంతో సరిచూసి, కోర్టు సీలు వేయాల్సినవాణ్ణి నేనే. ఒక మూట విప్పాను. నల్లపూసలు, ఒక పగడం చూశాను. చూసినదాన్ని రాయకుండా, నా అలవాటు ముడి వేసి పెట్టేసి, ఆ బరువైన మాటను రిజిస్టరులోకి దించాను. అంటే తెలియక రాసింది కాదు. లోపల ఏముందో కళ్లారా చూసి కూడా, తెలియని మాటే గొప్పగా ఉందని రాశాను.

చెప్పకుండా ఉండిపోయే వీలుంది. పన్నెండేళ్ల నాటి ముడి ఎవరిదని ఎవరు తేల్చగలరు? లేచి, ఆ ముడి నాది మేడం, సీలు వేయకముందే నేనే విప్పి కట్టాను అన్నాను. నమ్మకం లేకపోతే ఇప్పుడే ఒకటి కట్టి చూపిస్తానన్నాను. కట్టమన్నారు. దొంగ మూటల్లోంచి ఒకటి తీసుకుని కట్టాను. రెండూ పక్కపక్కన పెట్టి ప్రభుత్వ వకీలుకు చూపారు. ఆయన రెండు కుచ్చులనూ పోల్చి చూసి, అభ్యంతరం లేదన్నారు.

మేడం ఆ రోజే రెండు ఉత్తర్వులు చెప్పి రాయించారు. ఒకటి, పెట్టెనూ పదిహేడు మూటలనూ చెన్నమ్మకు బాండు మీద ఇవ్వాలి, ఆమె వాటిని సొంతదారులకు అందజేసి మూడు నెలల్లో కోర్టుకు తెలపాలి. రెండోది నాకు మెమో. విధి నిర్వహణలో చూసినదాన్ని నమోదు చేయనందుకు సంజాయిషీ ఇవ్వవలసింది. ఇచ్చాను. ఇకపై జాగ్రత్తగా ఉండాలన్న హెచ్చరిక నా సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. మొత్తం ఉద్యోగంలో నాకు వచ్చిన మెమో అదొక్కటే. దాని మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే, ఆ వయసులో నా తప్పును అంత మర్యాదగా దిద్దిన మనిషి ఇంకొకరు లేరు. ఆవిడకు నేను రుణపడి ఉన్నాను.

ఆ రోజు టీ తెచ్చినప్పుడు ఖాజామియా తన గ్లాసు కూడా నా బల్ల మీదే పెట్టుకుని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని తాగాడు. నాకు తెలిసినన్నాళ్లలో ఏ గుమాస్తా ఎదుటా అతను అలా కూర్చోవడం నేను చూడలేదు.

చెన్నమ్మ పెట్టె తీసుకుపోయే ముందు ఆ మాట రాసింది నేనేనని ఆమెకు చెప్పాను. ఆ ఇంగ్లీషు ఊరి సంగతి కూడా చెప్పాను. ఎవరో ఒకరి పనికి ఊరంతటికీ మచ్చ పడిందని చెబితే ఆమె తల ఊపింది. “ఆ ఊరోల్లు ఏం జేసిన్రు సారు మరి?” అని అడిగింది. పని చేసుకుంటూ ఉన్నారన్నాను. “గంతే గద” అంది.

మూడు నెలలు నిండడానికి వారం ముందు ఆమె వచ్చింది. ఆ తొవ్వ బస్సే దిగి నేరుగా కోర్టుకే వచ్చానంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చనిపోతే కోడళ్లకో కూతుళ్లకో ఇచ్చిందట. పగడం ఇంటికి ముందు పోయిందట, భయం ఉన్న చోటికే ముందు పోవాలని. ఆ ఇంటావిడ పగడాన్ని కొంగున కట్టుకుని, ఈమెను కూర్చోబెట్టి అన్నం పెట్టిందట. తెగిన దండ ఒకటి మళ్లీ అల్లమని ఇచ్చిందట కూడా. ఆ సంగతి చెప్పేటప్పుడు చెన్నమ్మ పెట్టె మూత తెరిచి కొత్త మూట చూపించింది. దానికి ఆమె ముడి ఉంది.

అందజేసినట్టు రుజువేదని బెంచి క్లర్కు అడిగాడు. ఆమె కొంగు విప్పి దారాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇచ్చినప్పుడల్లా ముడి విప్పేస్తుంది, విప్పిన దారమే ఆమెకు రసీదు. పదహారు దారాలు తిన్నగా ఉన్నాయి. పదిహేడోది ముడి ముడిగానే ఉంది. గుడ్డను కిందికి లాగి, ముడి చెదరకుండా దారం తీసుకొచ్చింది.

“గిది నేను కట్టలే సారు. నేను కట్టిన ముడే నేను ఇప్పుత. గిది మీరే ఇప్పాలె.”

అందరి ముందూ విప్పాను. నాడా ముడి లాగితే ఊడాలి, అది ఊడలేదు. పన్నెండేళ్లకు బిగిసిపోయింది. కళ్లద్దాలు పెట్టుకుని, గోటితో గీరి, చాలాసేపు పట్టింది. ఆమె అంతసేపూ ఓపిగ్గా నిలబడింది. మేడం పదిహేడు దారాలనూ ఒక కవరులో పెట్టించి కేసు ఫైలుకు జత చేయించారు. ఆ ఫైలులో ఒక్క ఇంగ్లీషు మాటా లేని రసీదు అదొక్కటే.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నా చేతి మీదుగా పోయిన ప్రతి జాబితాలో వస్తువు రంగు, లెక్క, ఏది దేనికి ఎలా కట్టి ఉందో రాశాను. విలువ గడిలో నాకు తెలిస్తే తెలిసింది రాశాను, తెలియకపోతే తెలియదు అని రాశాను. ఆ ఒక్క మాట రాయడం నేర్చుకోవడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగం పట్టింది.